చిల్లుల గొట్టం – మన జిల్లా బావుల కథ

గొట్టమంటే కారకూడదు. ఇది అందరికీ తెలిసిన సంగతే. శ్రీకాళహస్తి దగ్గర రాచగున్నేరిలో 1990లలో వెలసిన కర్మాగారంలో ఇనుప గొట్టాలు తయారవుతాయి. కరిగిన ఇనుమును గిర్రున తిరిగే అచ్చులో పోసి తీసే ఆ డక్టైల్ ఐరన్ గొట్టాలు ఊళ్ళకు తాగునీరు మోస్తాయి. వాటిలో సన్నని చిల్లు కనిపించినా ఆ గొట్టం పనికిరాదు. కాని నీళ్ళ వ్యవహారంలోనే మరో గొట్టం ఉంది. దానికి చిల్లులే ప్రాణం. బోరు బావిలో ఇసుక పొరకు ఎదురుగా దించే ఆ గొట్టాన్ని ఇంజనీర్లు స్ట్రెయినరు అంటారు, పైపుల అంగడివాళ్ళు ఫిల్టరు పైపు అంటారు, పల్లెల్లో బొక్కల పైపు అంటే సరిపోతుంది. ఇసుకను బయట ఆపి నీటిని లోపలికి రానివ్వటమే దాని పని.

మన పెన్షనర్లలో చాలామంది ఇల్లు కట్టుకున్నప్పుడో, పల్లెలో నాలుగు కయ్యలు నిలబెట్టుకోవాలనో, గ్రాట్యుటీ డబ్బులో కొంత బోరుకు ధారపోసినవారే. అందుచేత ఈ గొట్టం చరిత్ర ఎవరికో చెందినది కాదు, మన జేబుకు చెందినది కూడా. ఆ చరిత్రను నాకు తెలిసినంతలో క్లుప్తంగా మనవి చేస్తాను.

గొట్టానికి ముందు

1911 ఏప్రిల్ 1న ఉత్తర ఆర్కాటు, కడప జిల్లాల తాలూకాలను కొన్నిటిని, కొన్ని జమీందారీలను కలిపి చిత్తూరు జిల్లాను ఏర్పరిచారు. ఈ సీమలో నిండుగా ఏడాది పొడుగునా పారే నది ఒక్కటీ లేదు. స్వర్ణముఖి, నీవా, కుశస్థలి, అరణియారు, బాహుదా, పించా, కౌండిన్య – అన్నీ వానకు పొంగి ఎండకు దాగేవే. కాని దాగటం వేరు, లేకపోవటం వేరు. ఏటి ఇసుక కింద నీరు మెల్లగా కదులుతూనే ఉండేది. మన పెద్దలకు ఆ రహస్యం తెలుసు. ఏట్లో చెలమ తోడుకుని తేట నీళ్ళు ముంచుకునేవారు. కొన్నిచోట్ల ఇసుకలో పొడుగ్గా ఊటకాలువ తీసి, ఆ ఊటను వాలు మీదనే కయ్యలకు మళ్ళించేవారు. మిగిలినచోట్ల చెరువు, చెరువు కింద బావి, బావి మీద కపిల.

ఈ పద్ధతులలో నీటిని వడపోసేది ఇసుకే. చెలమ నీళ్ళు తేటగా ఉండటానికి కారణం అదే. చిల్లుల గొట్టం వచ్చి చేసిందల్లా, ఆ ఇసుకను కదపకుండా దాని మధ్య నుంచి నీటిని పైకి లాగే ఉపాయం చూపించటమే.

అబిసీనియా బావి

ఆ ఉపాయం ప్రపంచానికి తెలిసిన తీరు విచిత్రం. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలైనప్పుడు న్యూయార్కు రాష్ట్రంలోని కోర్ట్‌లాండ్ అనే ఊళ్ళో నెల్సన్ గ్రీన్ అనే సైనికాధికారి తన దండుకు నీళ్ళ కోసం ఒక ఇనుప గొట్టాన్ని నేలలోకి దిగగొట్టించాడు. గొట్టం అడుగున మొన, మొన పైన కొంతమేర చిల్లులు. పైన చేతిపంపు బిగిస్తే నీరు వచ్చింది. తవ్వకం లేదు, మట్టి ఎత్తిపోయటం లేదు.

ఇంగ్లండులో నార్టన్ అనే ఆయన ఈ బావి హక్కులు సంపాదించి గొట్టాలు తయారుచేయించాడు. 1867 చివర అబిసీనియా, అంటే నేటి ఇథియోపియా మీదికి బ్రిటిషు సైన్యం దండెత్తింది. అప్పటి బొంబాయి సైన్యాధిపతి నేపియర్ దాని నాయకుడు. సైనికులలో ఎక్కువమంది మన దేశం నుంచి ఓడలెక్కినవారే. ఏనుగులను సైతం ఇక్కడి నుంచే తీసుకువెళ్ళారు. నీళ్ళకు కటకటలాడే ఆ సముద్రతీరంలో ఈ గొట్టపు బావులు బాగా పనికివచ్చాయి. అప్పటి నుంచి వీటికి అబిసీనియా బావులు అనే పేరు స్థిరపడింది.

అమెరికాలో ఈ చిల్లుల గొట్టం కోర్టుకెక్కింది. గ్రీన్‌కు 1868 జనవరిలో పేటెంటు మంజూరైంది. ఆ పేటెంటు పేర హక్కుదారుల మనుషులు రైతుల ఇళ్ళకు పోయి, బావికింత రాయల్టీ కట్టమని నిలదీసేవారు. తన పెరట్లో, తన నేలలో, తన డబ్బుతో దింపుకున్న గొట్టానికి సుంకమా అని రైతులు ఎదురుతిరిగారు. 1887లో అక్కడి సుప్రీంకోర్టు ఒక కేసులో ఆ పేటెంటు చెల్లుతుందన్నది. అదే ఏడాది చివర మరో కేసులో చెల్లదని కొట్టివేసింది. దరఖాస్తు పెట్టటానికి రెండేళ్ళకు పైగా ముందునుంచే ఈ బావి జనం వాడుకలో ఉన్నదనేది కారణం. గడువు దాటిన దరఖాస్తులతో జీవితం గడిపిన మనబోటి వారికి ఈ తీర్పు అర్థం కావటం కష్టం కాదు.

మద్రాసు రాజధానిలో

మన వైపు ఈ విద్య గవర్నమెంటు ద్వారానే ఎక్కువగా వ్యాపించింది. 20వ శతాబ్దం తొలి సంవత్సరాలలో ఆల్‌ఫ్రెడ్ ఛటర్టన్ అనే ఇంజనీరు ఆయిల్ ఇంజనులతో పంపులు నడిపించి బావి సేద్యం మీద ప్రయోగాలు చేశాడు. ఆయన నడిపిన పరిశ్రమల శాఖను సీమలోని పెద్దలు 1910లో వద్దన్నారు, 1914లో మళ్ళీ నెలకొల్పారు. పంపింగు, బోరింగు పనులు ఆ శాఖ కింద సాగాయి. చేతితో తిప్పే బోరింగు సెట్లతో బావి అడుగున బోరు దించి ఊట పెంచటం అప్పటి పద్ధతి.

ఉత్తరాదిన ఈ గొట్టం పెద్ద ఎత్తున విజృంభించింది. 1930లలో గంగా మైదానంలో స్టాంప్ అనే ఇంజనీరు కాలువల మీద పుట్టించిన విద్యుత్తుతో సుమారు 1,500 గొట్టపు బావులు వేయించాడు. బావి బావికీ మీటర్లకొద్దీ చిల్లుల గొట్టం కావాలి. ఖరీదు ఎక్కువ కావటంతో ఇనుప చట్రానికి కొబ్బరిపీచు తాడు చుట్టి వాడిన రోజులున్నాయి. 1960ల చివర బీహారు కోసీ ప్రాంతపు రైతులు ఇనుప కడియాల చుట్టూ వెదురు బద్దలు పేర్చి, పైన కొబ్బరి తాడు చుట్టి, చౌకగా అదే పని సాధించారు. అవసరం ఇంజనీరు కన్నా తక్కువదేమీ కాదు.

చిల్లు పొడిచే విద్య

గొట్టానికి చిల్లు వేయటం వినడానికి చిన్న పని. చేసి చూస్తే తెలుస్తుంది. మనం ముప్ఫై, నలభై ఏళ్ళు ఫైళ్ళకు ట్యాగు వేయటానికి వాడిన పంచింగు మిషనును గుర్తుకు తెచ్చుకోండి. పైన పొడిచే పుల్ల, కింద సరిగ్గా దానికి సరిపడే గుంట. పుల్లను పంచి అంటారు, గుంట ఉన్న దిమ్మను డై అంటారు. రెండింటి మధ్య సందు తగుమాత్రంగా ఉంటే కాగితం గుండ్రంగా తెగి బిళ్ళ రాలుతుంది. సందు ఎక్కువైతే అంచు నలుగుతుంది. అదే కాగితాన్ని గొట్టంలా చుట్టి మిషనులో పెట్టండి. కాగితం తెగకుండా సొట్టపోతుంది, ఎందుకంటే లోపల ఆనుకునేందుకు ఏమీ లేదు.

ఇనుప గొట్టానికీ అదే ఇబ్బంది. బయటి నుంచి పంచి గుద్దితే గోడ లోపలికి కుంగుతుంది. అందుకని గొట్టం లోపలికి గట్టి ఉక్కు దిమ్మ దూర్చి, దానిలోనే డై గుంట అమర్చి పొడవాలి. రాలిన బిళ్ళలు బయటికి పోయే దారి కూడా ఆ దిమ్మలోనే ఉండాలి. గొట్టం పొడుగైన కొద్దీ ఈ ఏర్పాటు కష్టమవుతుంది. ఇంకో మార్గం ఉంది. ముందే రేకును బల్లపరుపుగా ఉంచి ప్రెస్సు మీద వరసగా చిల్లులు పొడిచి, ఆ తరువాత రేకును గొట్టంగా చుట్టి అతుకు వెల్డింగు చేస్తారు. సాధారణంగా రేకు మందం కన్నా సన్నని చిల్లు పొడవటానికి పూనుకోరు, పంచి విరుగుతుంది. పొడిచిన అంచున ముళ్ళు లేస్తాయి. వాటిని రాయించి నునుపు చేయకపోతే చెత్త పట్టుకుంటుంది, తుప్పు కూడా అక్కడే మొదలవుతుంది.

గుండ్రని చిల్లుకు మరో దోషం ఉంది. సరిగ్గా దాని సైజు ఇసుక రేణువు ఒకటి వచ్చి కూర్చుంటే బిరడా కొట్టినట్టే. పొడుగాటి సన్నని గాటు అయితే ఒక రేణువు పూర్తిగా మూయలేదు. అందుకే బావి గొట్టాలకు గాట్లు పెట్టటం అలవాటైంది. రేకును పూర్తిగా తెంచకుండా వంతెన ఆకారంలో పైకి ఉబికించి, రెండు పక్కలా సందులు వచ్చేలా పొడిచే పద్ధతి కూడా ఉంది. అన్నింటికన్నా మేలైనది, నిలువు కడ్డీల చుట్టూ ముక్కోణపు తీగను చుట్టలుగా వెల్డు చేసిన జాలి గొట్టం. దాని సందు బయట సన్నగా, లోపల వెడల్పుగా ఉంటుంది. లోపలికి దూరిన రేణువు ఇరుక్కోకుండా జారిపోతుంది. మన దేశంలో వీటికి భారతీయ ప్రమాణాలు కూడా ఉన్నాయి: గాట్ల గొట్టాలకు ఐ.ఎస్. 8110, ప్లాస్టిక్ కేసింగు, ఫిల్టరు పైపులకు ఐ.ఎస్. 12818. బోరు చుట్టూ పోసే గులకరాళ్ళకు సైతం ఐ.ఎస్. 4097 అని ఒకటి ఉన్నది. కొనేటప్పుడు గొట్టం మీద అచ్చు వేసిన ఆ నంబరు చూడటానికి రూపాయి ఖర్చు కాదు.

ఎంత చిల్లు?

ఇక్కడ కొంచెం లెక్క చెప్పక తప్పదు. ఆరు అంగుళాల ఇనుప గొట్టం చుట్టుకొలత సుమారు 53 సెంటీమీటర్లు. ఒక మీటరు పొడుగున గోడ వైశాల్యం దాదాపు 5,280 చదరపు సెంటీమీటర్లు. అందులో నూటికి పది వంతులు చిల్లులనుకుంటే 528. నీరు చిల్లులోకి సెకనుకు 3 సెంటీమీటర్లకు మించని వేగంతో ప్రవేశించాలని ఇంజనీర్లు ఒక హద్దు పెట్టుకున్నారు. అంతకు మించితే ఇసుక కూడా కదిలి వస్తుంది. ఈ లెక్కన ఒక మీటరు గొట్టం గంటకు సుమారు 5,700 లీటర్లు నిదానంగా లోపలికి రానిస్తుంది. చిల్లులు నూటికి మూడు వంతులే ఉంటే అది 1,700 లీటర్లకు పడిపోతుంది. అదే మోటారు, అదే బోరు, కాని చిల్లుల వైశాల్యంలో తేడా. తక్కువ చిల్లులతో ఎక్కువ నీరు లాగబోతే నీటి వేగం పెరిగి ఇసుక వస్తుంది, మోటారు అరుగుతుంది.

గాటు వెడల్పు కూడా అంతే ముఖ్యం. వెడల్పైతే ఇసుకంతా లోపలికి, ఇరుకైతే నీరు కూడా రాదు. అనుభవజ్ఞులు చేసే పని ఏమిటంటే, బోరు వేసేటప్పుడు వచ్చిన ఇసుకను జల్లెళ్ళలో జల్లి, దానిలో సుమారు సగం సన్న రేణువులు జారిపోయి సగం ముతక రేణువులు ఆగేలా గాటు ఎంచుతారు. తరువాత కంప్రెసరుతో గాలి కొట్టి సన్న ఇసుకను తోడేస్తే, గొట్టం చుట్టూ ముతక ఇసుక పొర ఒకటి దానంతటదే ఏర్పడుతుంది. అసలు వడపోత చేసేది ఆ పొరే. గొట్టం దాన్ని పట్టుకుని నిలబెడుతుందంతే. ఇసుక మరీ సన్నంగా ఉన్నచోట బయటి నుంచి గులకరాళ్ళు పోస్తారు.

ఏటి ఒడ్డున ఇల్లు కట్టుకున్న నా మిత్రుడొకాయన, రిటైరైన డబ్బుతో వేయించిన బోరులో, పని తొందరగా ముగుస్తుందని ప్లాస్టిక్ గొట్టానికి హాక్సా బ్లేడుతో ఎవరో గాట్లు పెట్టి దించారు. ఒక గాటు వెడల్పు, ఒకటి ఇరుకు. నైలాను వల చుట్టామని ధైర్యం చెప్పారు. మొదటి వేసవిలో బకెట్టు అడుగున ఇసుక కనబడింది. రెండో వేసవికి మోటారు పట్టేసింది, మూడో వేసవికి బోరే పూడిపోయింది. ఆయన రెండో బోరు వేయించుకునేందుకు బ్యాంకులో అప్పు చేశాడు. నేల కింద జరిగే నాసిరకం పని కంటికి కనబడదు. అక్కడే అసలు ప్రమాదం.

తూర్పు ఇసుక, పడమటి రాయి

2022 ఏప్రిల్ 4న మన పాత జిల్లా విడిపోయి, తిరుపతి వేరు, చిత్తూరు వేరు అయ్యాయి, పడమటి భాగం కొంత అన్నమయ్య జిల్లాలోకి వెళ్ళింది. నీటి విషయంలో ఈ సీమ ఎప్పటి నుంచో రెండుగా ఉంది. చంద్రగిరి దాటి తిరుచానూరు, శ్రీకాళహస్తి మీదుగా పోయే స్వర్ణముఖి వెంబడి ఇసుక, ఒండ్రు పొరలున్నాయి. చిల్లుల గొట్టానికి అసలైన చోటు అది. అక్కడ ఫిల్టరు పాయింట్లు పనిచేశాయి.

పలమనేరు, పుంగనూరు, మదనపల్లె, కుప్పం వైపు పోతే నేల కింద గ్రానైటు, నైసు రాయి. పైన కొన్ని పదుల అడుగుల మేర మట్టి, మెత్తబడిన రాయి ఉంటుంది. అంతవరకు చిల్లులు లేని కేసింగు దించి, కింద రాయిలో బోరును ఉత్తదిగానే వదిలేస్తారు. రాయి కూలదు కనుక గొట్టం అక్కరలేదు. నీరు వచ్చేది రాతి పగుళ్ళ నుంచి. ఇక్కడ చిల్లులు వేసే పని మనది కాదు, భూమాత ఎప్పుడో వేసిపెట్టింది. పగులు తగిలితే నీరు, తగలకపోతే దుమ్ము. అందుకే అరచేతిలో కొబ్బరికాయ నిలబెట్టి పాయింటు చూపేవారికి ఈ వైపు అంత గిరాకీ.

రాయిని తొలిచే విద్య మనకు కరువుల పుణ్యమా అని వచ్చింది. 1967లో బీహారు కరువు సందర్భంగా గాలి సుత్తి రిగ్గులను యునిసెఫ్ మన దేశానికి తెప్పించింది. 1970లలో రూపొందిన ఇండియా మార్క్-2 చేతిపంపు పల్లెపల్లెకు పాకింది. మన రాష్ట్రంలో 1971లో భూగర్భ జల శాఖ, 1974లో నీటిపారుదల అభివృద్ధి సంస్థ ఏర్పడ్డాయి. నేను సర్వీసులో చేరిన ఆ దశకంలో తాలూకా కచ్చేరీలో తకావీ ఫైళ్ళు ఇంకా కదులుతూ ఉండేవి. 1883 నాటి భూమి అభివృద్ధి రుణాల చట్టం కింద బావి తవ్వకానికి అప్పు. ఎస్టిమేటులో లోతు గజాలలో, రాయి పేల్చేందుకు మందు ఖర్చు, ఒరల ఖర్చు. ఆ కాగితాలలో గొట్టమనే మాట అరుదు. తరువాత చూస్తుండగానే బావి పోయి బోరు వచ్చింది. నీళ్ళు తగ్గిన బావుల్లో అడుగు బోర్లు, పక్కలకు అడ్డబోర్లు వేశారు. 1930లలో లండను నగరానికి నీళ్ళ కోసం రానీ అనే అమెరికా ఇంజనీరు, బావి అడుగు నుంచి అన్ని పక్కలకూ చిల్లుల గొట్టాలు దూర్చిన పద్ధతికి మన అడ్డబోరు దూరపు చుట్టం. 2004 మే నెలలో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు వచ్చింది. సబ్‌మెర్సిబుల్ మోటార్లు లోతులకు దిగాయి. పడమటి మండలాలలో వెయ్యి అడుగులు దాటిన బోర్లు వింత కాకుండా పోయాయి.

చట్టమూ, ఇసుకా, చెరువూ

2002లో నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం వచ్చింది. వాల్టా అంటే అందరికీ తెలుసు. బావులు, రిగ్గులు నమోదు కావాలని, తాగునీటి ప్రజా బావికి 250 మీటర్లలోపు అనుమతి లేకుండా కొత్త బోరు వేయరాదని, ఇసుక తవ్వకాలకు హద్దులుండాలని ఆ చట్టం సారాంశం. బోరు చట్టంలోనే ఇసుక సంగతి ఎందుకని కొందరు నన్ను అడిగారు. జవాబు పైన చెప్పిన లెక్కలోనే ఉంది. ఏటి ఇసుక నీటిని దాచే గాదె, వడపోసే జల్లెడ కూడా. దాన్ని లారీలకెత్తి రాతిదాకా గీకేస్తే, గొట్టానికి ఎన్ని చిల్లులున్నా అవి గాలికి తెరిచిన కిటికీలే.

నేల నిండితే ఏమవుతుందో 2021 నవంబరులో తిరుపతి చూసింది. స్వర్ణముఖి ఒడ్లు దాటింది. రాయలచెరువు కట్టకు గండి పడుతుందేమోనని కింది పల్లెలు ఖాళీ చేయించారు. అదే నెలలో తిరుపతిలో శ్రీకృష్ణానగర్‌లో ఒక ఇంట సిమెంటు ఒరలతో నేలలోకి దించిన నీటి తొట్టి, తనంత తానుగా నేల పైకి లేచి నిలబడింది. జనం తండోపతండాలుగా పోయి చూశారు. అద్భుతమని కొందరు దణ్ణం పెట్టారు. నిజానికి అడుగున నేల నీటితో నిండిపోయి, ఖాళీ తొట్టిని పడవలా పైకి తేల్చింది. వెయ్యి అడుగుల లోతున నీటికి వెదికే సీమలో, నీరు తానే పైకి వచ్చి తొట్టిని తోసిన రోజు కూడా ఉందన్నమాట. ఆ నీటిని చెరువు పట్టి, ఇసుక దాచి, నేల తాగి ఉంచుకుంటేనే మరుసటి వేసవికి మిగులుతుంది.

చెరువు మొరవ పోయిందంటే ఊరంతా పండుగ చేసుకున్న రోజులు మనకు తెలుసు. ఆ ఏడు కింది బావులలో నీళ్ళు చేతికందేవి. చెరువుకూ బావికీ ఉన్న ఆ బంధుత్వమే చిల్లుల గొట్టానికీ ఉంది. గొట్టం నీటిని పుట్టించదు. అది తలుపు మాత్రమే. తలుపు సరిగ్గా ఉండాలి, నిజమే. సరైన గాటు, సరైన వైశాల్యం, ఐ.ఎస్. అచ్చు, చుట్టూ సరైన గులక, అన్నీ చూసుకోవాలి. బోరు వేసేవారిని ఏ లోతున ఏ మన్ను తగిలిందో కాగితం మీద రాసి ఇమ్మని అడగండి. ఆ కాగితాన్ని ఇంటి దస్తావేజులతో పాటు దాచండి. రేపు మీ పిల్లలు మోటారు మార్చినా, బోరు శుభ్రం చేయించినా అదే ఆధారం. మనం ఉద్యోగంలో నేర్చిన మంచి అలవాటు ఒకటుంటే, అది రికార్డు ఉంచటం.

దానితో పాటు, ఇంటి కప్పు మీద పడిన వానను ఇంకుడు గుంతకు మళ్ళించండి. ఊరి చెరువు పూడికతీత జరుగుతుంటే పెన్షనర్లుగా మనం వెళ్ళి నిలబడితే మన మాటకు విలువ ఉంటుంది. గొట్టానికి చిల్లు పొడవటం ప్రెస్సు చేసే పని. గొట్టం చుట్టూ నీరు ఉండేలా చూడటం మాత్రం ఊరంతా కలిసి చేయవలసిన పని.